పదిహేనో బల్ల

3వ తేదీ, బుధవారం

పది రోజులుగా దేవుడికి ఒకే మాట చెప్పుకుంటున్నాను. ఆయనకు విసుగుండదు గానీ నాకే సిగ్గేసింది. ఈ ఉదయం ప్రార్థనకు కూర్చుని మళ్ళీ అదే మాట మొదలుపెట్టబోయి, “సరేలే స్వామీ, నీకు తెలిసిందే కదా” అని లేచి వచ్చేశాను. తెలిసినవాడి చెవిలో పోరడం కంటే కాగితం మీద పెట్టడం మర్యాద అనిపించింది. పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత రాయడం ఇదే.

పుస్తకం ఫ్యాక్టరీ రిజిస్టరే. వచ్చేసేటప్పుడు స్టోరు గుమాస్తా, “ఇరవై ఆరేళ్ళు చేశారు, ఇదైనా తీసుకెళ్ళండమ్మా” అని చేతిలో పెట్టాడు. ప్రతి పేజీలోనూ నాలుగు గళ్ళు. పీసు నంబరు, లోపం, ఎక్కడ, చూసినవారు. ఆ గళ్ళను లెక్కచేయకుండా అడ్డంగా రాస్తున్నాను. నాకు నేనే యజమానినయ్యాక చేసిన మొదటి పని ఇది.

ఒకటో తేదీన ఉద్యోగం మానేశాను. బట్టల ఫ్యాక్టరీలో ఆఖరి చెకింగు. మొత్తం పద్నాలుగు బల్లలు, చివరిది నాది. కుట్టు పూర్తయిన కోటు నా ముందుకొస్తే తిరగేసి, లాగి, వెలుతురుకు పట్టి చూడాలి. లోపం ఉన్నచోట చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించి వెనక్కి పంపాలి. లేకపోతే లోపలి చీటీ మీద పద్నాలుగో నంబరు స్టాంపు కొట్టి ముందుకు పంపాలి. నోరు తెరవాల్సిన పని లేదు. నాకు అతికినట్టు సరిపోయిన ఉద్యోగం.

ఎందుకు మానేశావని అందరూ అడిగారు. మోకాళ్ళు అన్నాను. రోజంతా నిలబడే పని కదా.

సూపర్‌వైజరు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. గేటు దాకా వచ్చి, “ఆలోచించుకోండమ్మా. ముప్ఫయ్యో తేదీ దాకా మీ బల్ల ఖాళీగా ఉంచుతాను. ఆ తర్వాత నా చేతిలో లేదు” అన్నాడు.

ఇక నుంచి సొంత పని. వీధి గదిలో కూర్చుని చిరుగులు బాగుచేస్తాను. చిరిగినచోటు కనబడకుండా పోగుకు పోగు కలపడం చిన్నప్పుడు మా అమ్మ నేర్పింది. నెలాఖరుకు నాలుగిళ్ళవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వస్తే నిలబడ్డట్టే. రాకపోతే ఆ బల్ల ఉండనే ఉంది.

ఆ బల్ల గురించి నేను ఆలోచించడం లేదు.

4వ తేదీ

మా ఆయన పాత తలుపు రెక్క తెచ్చి రెండు స్టూళ్ళ మీద వేసి, కిటికీ కింద నాకు బల్ల తయారుచేశారు. గొళ్ళెం ఇంకా దానికే ఉంది. “ఏమోయ్ యజమానీ, మీ ఆఫీసు మూసేటప్పుడు గొళ్ళెం వేసుకోవచ్చు” అన్నారు. స్కూలు బస్సు నడిపి నడిపి, పిల్లలతో ఉండి ఉండి, ఆయనకీ వాళ్ళ బుద్ధే వచ్చింది.

గుమ్మానికి అట్టముక్క కట్టాం. “ఇక్కడ చిరుగులు కనబడకుండా కుట్టబడును.”

అత్తయ్య చదివి, “కనబడకుండా కుడితే కుట్టావని ఎలా తెలుస్తుందే?” అన్నారు.

5వ తేదీ

ఎవరూ రాలేదు. పదింటికి దాహం వేసింది. లేచి గుమ్మం దగ్గర ఆగి అటూ ఇటూ చూశాను. ఎవరిని అడగాలో తెలియలేదు. ఆఖరికి లోపలికెళ్ళి, “నీళ్ళు తాగి వస్తానత్తయ్యా” అన్నాను.

“నీళ్ళకి కూడా సెలవు చీటీ పెడతావేమే!” అన్నారు ఆవిడ. నేను మెల్లగానే అన్నాను. అత్తయ్యకు చెవులు సరిగా వినబడవు. వినబడనివి ఏవేవో ఇరవై ఎనిమిదేళ్ళయినా మాకు తేలలేదు.

6వ తేదీ

ఎవరూ రాలేదు. బల్ల గురించి ఆలోచించడం లేదు.

8వ తేదీ, సోమవారం

సంచి దులుపుతుంటే అడుగున ఎర్ర బాణాల చుట్ట దొరికింది. ఆఖరి రోజున కంగారులో వేసుకొచ్చేసినట్టున్నాను. ఎంత చిన్నదైనా ఫ్యాక్టరీ సొత్తు. ఇది దొంగతనం కాకపోతే ఏమిటి? మా ఆయనతో చెబితే, “పోలీసులు వచ్చేలోగా భోంచేద్దాం రా” అన్నారు.

అటు వెళ్ళే పని పడినప్పుడు ఇచ్చేస్తాను. అటు నాకు ఏం పని పడుతుందో తెలియదు.

10వ తేదీ

వచ్చారు! ఒకరు!

మా ఆయన బస్సు నడిపే స్కూల్లో సంగీతం టీచరమ్మ. ఈయన బస్సులోనే చెప్పారట. నల్ల కోటు, వీపు మీద పురుగు కొట్టిన చిల్లు, పెసరగింజంత. “వేదిక ఎక్కి పిల్లల చేత వాయింపజేసేటప్పుడు వేసుకుంటానండి. పిల్లలకి నా వీపే కనబడదు గానీ, వెనక కూర్చున్న తల్లిదండ్రులందరికీ అదే కనబడుతుంది” అన్నారు. గలగలా నవ్వే మనిషి. ఆవిడ వెళ్ళాక లోపలికి పోయి దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ పాత మాట కాకుండా కొత్తది చెప్పాను. ఆయనకూ మార్పుగా ఉండి ఉంటుంది.

11వ తేదీ

కుట్టేశాను. కోటు అంచు మడతలోంచి పోగులు లాగి అల్లాను. అయ్యాక నేనే వెతికితే నాకే దొరకలేదు. సాయంత్రం బస్సులో మా ఆయన చేతికిచ్చి పంపించాను. ఇంత సంతోషం నాకు స్టాంపు కొట్టినప్పుడు ఎప్పుడూ కలగలేదు.

13వ తేదీ, శనివారం

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

చిల్లు కుట్టడం అయిపోయాక నా చేతులు ఊరుకోలేదు. కోటంతా తిరగేశాయి. లాగాయి. వెలుతురుకు పట్టాయి. పక్కన బాణాల చుట్ట ఉంది. ఇరవై ఆరేళ్ళు చేసిన చేతులు, నన్ను అడుగుతాయా? తొమ్మిది బాణాలు అంటించి, ఒక్కటీ తీయకుండా మడతపెట్టి పంపేశాను.

టీచరమ్మ ఆ కోటును నేరుగా కుట్టిన టైలరు దగ్గరికి తీసుకెళ్ళారట. అతని కొట్టు మా వీధి మూలే. మధ్యాహ్నం కోటు చేతి మీద వేసుకుని, మెడలో టేపుతో ఊడిపడ్డాడు.

“ఏమక్కా, నా మీద యుద్ధం ప్రకటించావా? తొమ్మిది బాణాలు!”

“అలవాటు తమ్ముడూ” అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

“అలవాటా? నాకు దోమల్ని కొట్టే అలవాటుంది. అలాగని మీ ఇంటికొచ్చి కొడుతున్నానా? ఇదిగో, ఈ కాలరు దగ్గర ఏం లోపం కనబడింది నీకు?”

వేలితో చూపించాను. ఎడమ కొన కుడి కొన కంటే బియ్యపు గింజంత పొట్టి. టేపు తీసి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. కోటు తిప్పి ఇంకోసారి కొలిచాడు.

“ఆవిడ మెడే అటువైపు వంకర” అన్నాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి, వీధంతటికీ వినబడేలా, “ఇక ఈ వీధిలో ఒక్కరు నీకు గుడ్డ ఇస్తే అప్పుడడుగు!” అన్నాడు.

లోపల్నుంచి అత్తయ్య, “ఎవరే ఆ అరుపులు?” అన్నారు.

“టైలరు, అత్తయ్యా. లోపాలు చూపించానని.”

“దానికే? నీ పెళ్ళయినప్పటినుంచి నీకు నేను చూపిస్తూనే ఉన్నాను, నువ్వెప్పుడైనా అరిచావా?”

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను.

15వ తేదీ

ఎవరూ రాలేదు. ఇరవై ఆరేళ్ళు నిలబడ్డా ఏమీ కాని మోకాళ్ళు కూర్చుంటే పట్టేస్తున్నాయి.

16వ తేదీ

ఎవరూ రాలేదు. మూలకొట్టు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తుందని కూరగాయలకు చుట్టు తిరిగి వెళ్ళాను. పద్నాలుగో బల్ల మీద పడే దీపం వెలుతురు చల్లగా, తెల్లగా ఉంటుంది. ఊరికే గుర్తొచ్చింది. ఆలోచించడం లేదు.

17వ తేదీ

ఈ రోజు మాత్రం ఒకటి రాయాలి. పొద్దున మా ఆయన తొందరలో ఉంటే అత్తయ్య, “ఒరేయ్, చొక్కా నలిగింది, ఉండు” అని వీపు నిమిరారు. నిమరలేదు. నా చుట్టలోంచి బాణం ఒకటి పీకి అంటించారు. ఈయన రోజంతా అలాగే బస్సు నడిపారు. దిగిన పిల్లలంతా నవ్వుకుంటూ దిగారట. ఆఖరికి సంగీతం టీచరమ్మ చెబితే తెలిసిందట. “మీ ఆవిడ పెద్ద లోపాన్నే పట్టేశారండీ” అన్నారట.

కోపం తెచ్చుకుంటారనుకున్నాను. ఆ బాణాన్ని బస్సు స్టీరింగు పక్కన అంటించుకున్నారు.

బాణాల్లో పది తగ్గాయి. అన్నీ ఫ్యాక్టరీవే.

18వ తేదీ, గురువారం

ఈ రోజైనా రాయాలి. మోకాళ్ళు కాదు.

పోయిన నెల ఇరవై నాలుగున, సాయంత్రం గంట కొట్టడానికి కాస్త ముందు, సూపర్‌వైజరు తోపుడు బండి నిండా చిన్నపిల్లల కోట్లు నా బల్ల దగ్గరికి తోసుకొచ్చాడు. “లారీ ఆగి ఉందమ్మా. విప్పి చూసే టైము లేదు. మీ నంబరుంటే అవతల ఎవరూ తెరిచి చూడరు. ఈ ఒక్కసారికి కొట్టేయండి” అన్నాడు. చెడ్డవాడు కాదు. పైనుంచి అతన్ని ఎవరో తరుముతున్నారు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

నేను కాదనలేదు. విప్పి చూడలేదు. బండి ఖాళీ అయ్యేదాకా స్టాంపు కొట్టాను.

వాటిలో ఒక్క లోపం కూడా లేకపోవచ్చు. ఎక్కడో ఒక పిల్ల చలిలో బొత్తాం పెట్టుకోబోతే అది ఊడి చేతిలోకి వచ్చి ఉండొచ్చు. నాకు తెలియదు. తెలియకుండా నా నంబరు వేశాను. ఏ చేతులతో దేవుడికి దండం పెడుతున్నానో, ఆ చేతులతోనే వేశాను.

నేను దేవుడికి చెప్పుకుంటున్న మాట ఇదే. “కుదరదు బాబూ” అంటే సరిపోయేది. రెండే మాటలు. అవి గొంతు దాటలేదు. వారం తర్వాత “మోకాళ్ళు” అనడానికి మాత్రం గొంతు ఎంత బాగా పెగిలిందో!

20వ తేదీ, శనివారం

టైలరు వచ్చాడు. తన కంటే పెద్ద మూట వీపున వేసుకుని గుమ్మంలో నిలబడి, “ఊరికే వచ్చానక్కా” అన్నాడు.

“ఊరికే వచ్చేవాడు మూట మోసుకొస్తాడుటే?” అని లోపల్నుంచి అత్తయ్య.

స్కూలు బ్యాండు పిల్లలకు ఎర్ర జాకెట్లు, మొత్తం ఇరవై రెండు, ఇతనే కుడుతున్నాడట. ముప్ఫయ్యో తేదీ సాయంత్రం స్కూల్లో ప్రోగ్రాం. “పది అయ్యాయి. నాకే అనిపించిందక్కా. పిల్లల పని కదా, నా రెండు కళ్ళకి తోడు ఇంకో రెండు ఉంటే మంచిదని. నీకు ఖాళీగా ఉంటేనే. ఖాళీగానే ఉన్నావనుకో.”

“ఉన్నాను తమ్ముడూ.”

“ఎవరికీ చెప్పకు. మన మధ్యే ఉండాలి.”

సాయంత్రం మా ఆయన ఇంటికొస్తూనే గుట్టు విప్పేశారు. టీచరమ్మ టైలరుతో, “బాణాలావిడ చూసి సరేనంటేనే తీసుకుంటాను, లేకపోతే నువ్వే వేసుకో ఇరవై రెండూ” అన్నారట.

22వ తేదీ

ఫ్యాక్టరీ బాణాలు ముట్టుకోకూడదనుకున్నాను. లోపం ఉన్నచోట తెల్ల దారంతో చిన్న ముడి వేస్తున్నాను. ఎర్ర జాకెట్టు మీద తెల్ల ముడి బాగా కనబడుతుంది. ముడి నాది, దారం నాది.

పదింట్లో ఏడింటికి ముళ్ళు పడ్డాయి. టైలరు ఒక్కో ముడి చూసి ఒక్కో కారణం చెప్పాడు. ఒకదానికి కరెంటు పోయిందట. ఒకదానికి బావమరిది ఫోను చేశాడట. మూడోదానికి కారణం దొరక్క, “ఇది నేను కుట్టింది కాదేమో” అన్నాడు. అన్నీ సరిచేసి తెచ్చాడు.

24వ తేదీ

ఒక విషయం గమనించాను. పొద్దుట నుంచి మూడుసార్లు నీళ్ళు తాగాను, ఎవరినీ అడగలేదు.

పక్కింటావిడ కొత్తగా కొన్న పరదాలు పట్టుకొచ్చింది. “తిరిగి ఇచ్చేయడానికి రేపటి దాకా టైముంది, ఓసారి మీ కన్ను వేయండి” అంది. ఎదురింటి ముసలాయన దుప్పటి తెచ్చాడు. చిరుగులు కుట్టించుకోవడానికి ఒక్కరూ రావడం లేదు. అందరికీ కావలసింది నా కన్ను. నేను వదిలేసి వచ్చాననుకున్న పనే నా వెనకాల నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఒకటే తేడా. ఇక్కడ లారీ లేదు.

మా ఆయన గుమ్మం మీది అట్టముక్క తిప్పి, ఏం రాయమంటావని అడిగారు. నాకు తోచలేదు. అత్తయ్య, “పదిహేనో బల్ల అని రాయరా. అక్కడ పద్నాలుగున్నాయిగా” అన్నారు. అదే రాశారు. అర్థంకాక ఆగి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు.

27వ తేదీ

ఇరవై జాకెట్లు అయ్యాయి. ఇంకా రెండు. టైలరు ఇప్పుడు గుమ్మంలో నిలబడడం లేదు, లోపలికొచ్చి కూర్చుని టీ తాగుతున్నాడు. కాలర్లు ఎలా కోస్తాడో చూపించాడు. నిజానికి చెయ్యి మంచిది. తొందరే చెడ్డది.

29వ తేదీ, సోమవారం

సాయంత్రం ఐదింటికి ఆఖరి రెండూ తెచ్చాడు. ఇస్త్రీ చేసి, అట్టపెట్టెలో పెట్టి మరీ. “ఇవి చూడక్కర్లేదక్కా. ఆ ఇరవైకి ఉన్న కొలతలే. నేను అటే వెళ్తున్నా, సరేనన్నావని టీచరమ్మకి చెప్పేస్తా” అన్నాడు.

నేను అప్పటికే ఒకటి తిరగేశాను. చంక కింద కుట్టు తప్పింది. నాలుగు వేళ్ళ మేర దారం గుడ్డను పట్టనే లేదు. రెండోది కూడా అంతే. కనబడేది కాదు. కానీ చెయ్యెత్తి బాకా నోటి దగ్గర పెట్టుకుంటే సర్రున విడిపోతుంది.

“తెలుసక్కా” అన్నాడు మెల్లగా. “దారం కండె మార్చినప్పుడు జరిగింది. విప్పితే లైనింగంతా విప్పాలి. రేపు సాయంత్రమే ప్రోగ్రాం. రాత్రంతా కూర్చోవాలి. నా కళ్ళు చూడు, ఎలా ఉన్నాయో. ఈ రెండూ వదిలెయ్యి. ఈ ఒక్కసారికి.”

ఈ ఒక్కసారికి.

అతని కళ్ళు చూశాను. నిజంగానే ఎర్రగా ఉన్నాయి. ఇతని పని పోతే టీచరమ్మ పని పోతుంది, వీధి పని పోతుంది. రేపటితో అక్కడి బల్ల కూడా పోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో తట్టాయి. దేవుణ్ణి తలుచుకోవడానికి కూడా టైము లేదు.

“కుదరదు తమ్ముడూ.”

“ఏమన్నావక్కా?”

మళ్ళీ అన్నాను. ఇంకా మెల్లగా వచ్చింది. పెదాలు కదిలాయంతే.

“వినబడలేదక్కా. సరేనన్నట్టేనా?”

అప్పుడు లోపలి గదిలోంచి, రెండు గోడల అవతలి నుంచి అత్తయ్య, “కుదరదంటోంది కదరా! చెవుడా నీకు?” అని అరిచారు.

టైలరు అటు చూశాడు, నా వైపు చూశాడు. “కుదరదు” అన్నాను మూడోసారి. ఈసారి వినబడింది. నాకూ వినబడింది. అట్టపెట్టె లాక్కుని, చెప్పులు సగం తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో, స్కూలుకా, కొట్టుకా, చూడలేదు. భయంగా ఉంది. నవ్వొస్తోంది. రెండూ ఒకేసారి ఎలా రాయాలో తెలియడం లేదు.

30వ తేదీ, మంగళవారం

పొద్దున్నే బాణాల చుట్ట తీసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను. పద్నాలుగో బల్ల తుడిచి ఉంది. దీపం వేసి ఉంది.

“వస్తారని తెలుసమ్మా” అన్నాడు సూపర్‌వైజరు. “మోకాళ్ళు ఎలా ఉన్నాయి?”

“మోకాళ్ళకి ఎప్పుడూ ఏమీ లేదు బాబూ. ఆ బండి కోట్లు నేను చూడకుండా స్టాంపు కొట్టాను. నీకు కుదరదని చెప్పాల్సింది. చెప్పలేక మానేశాను. తప్పు నాది కూడా. ఇంక బల్ల ఎవరికైనా ఇచ్చెయ్యి.”

అతను నేనిచ్చిన చుట్టను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. “స్టాఫుకి తక్కువకి ఇస్తారు కదమ్మా. ఆ బండిలోంచి మా పాపకి ఒక కోటు తీసుకుందామనుకున్నాను. తీసుకోలేదు” అన్నాడు.

“పది తక్కువున్నాయి బాబూ, వాడేశాను” అని చుట్ట వైపు చూపించాను. పెద్దగా నవ్వాడు. చేయెత్తి కళ్ళు తుడుచుకుంటుంటే కనబడింది, చొక్కా చేతి బొత్తాం ఒక్క పోగు మీద వేలాడుతోంది. “ఇంకొక్కటి వాడుకోనా?” అని అడిగి అక్కడ బాణం అంటించాను. పదకొండు.

గేటు దాటాక భయమేసింది. వెనక బల్ల లేదు. ముందేముందో తెలియదు. దారంతా అదే పాత మాట చెప్పుకోబోయాను. చెప్పడానికి అందులో ఏమీ మిగల్లేదు.

ఇంటికొస్తే మా మెట్ల మీద టైలరు గోడకానుకుని గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఒళ్ళో అట్టపెట్టె. లేపితే కళ్ళు నులుముకుని, “చూసుకో. లైనింగంతా విప్పి కుట్టాను. ముడి వేశావో, నీ ఇంటి ముందే కొట్టు పెడతాను” అన్నాడు. చంకలో చెయ్యి పెట్టి లాగి చూశాను. లాగినకొద్దీ బిగుసుకుంది. ముడి వేయలేదు. టీ పెట్టాను.

సాయంత్రం స్కూలుకు మేం ముగ్గురం వెళ్ళాం. ఇరవై రెండు ఎర్ర జాకెట్లు వేదిక మీదికి వచ్చాయి. టీచరమ్మ నల్ల కోటు వేసుకుని చెయ్యెత్తారు. పిల్లలు బాకాలెత్తారు. అందరూ పాట విన్నారు. నేను చంకలు చూశాను. ఒక్కటీ విడిపోలేదు. పక్కన టైలరు కూడా చంకలే చూస్తున్నాడు. పాట అయిపోయాక ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. అత్తయ్య మాత్రం, “ఆ మూడో వరస పిల్లాడు శ్రుతి తప్పాడే” అన్నారు.

రేపు పనికి ఏడు గుడ్డలున్నాయి. ఈ రిజిస్టరులో ఇక రాయక్కర్లేదనిపిస్తోంది. చెప్పుకోవాల్సింది చెప్పాల్సినవాళ్ళకు చెప్పేశాను.

ఏమండీ, ఈ పుస్తకం ఎప్పటికైనా మీకే దొరుకుతుందని నాకు తెలుసు. పారేయకండి. ఆ బండి కోట్ల సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. బీరువా అడుగు అరలో దుప్పట్ల కింద ఉంచండి. ఎవరికీ చూపించకండి. మీరు చదివితే చదవండి, తప్పులేదు. కానీ ఇంట్లో మాత్రం పైకి చదవకండి, గొంతు తగ్గించి కూడా. అత్తయ్యకు వినబడుతుంది.